మన్యములో అజ్ఞాతవాసి: అల్లూరి సీతారామరాజు జీవితము

పారిపోయినవారి కథలును, చెఱసాలలు తప్పించుకొన్నవారి కథలును మన బాలురకు మిక్కిలి ప్రియములు. మాంటీ క్రిస్టో ప్రభువు కథ పుస్తకశాలలో ఒకరి చేతినుండి ఇంకొకరి చేతికి పోవుచునే యుండును. గోనెసంచిలో కుట్టబడి సముద్రములోనికి విసరివేయబడిన ఖైదీ యెట్లు ఒడ్డు చేరెనో తెలియువఱకు వారికి అన్నము సహింపదు. అది ఫ్రెంచి రచయిత కల్పించిన కథ. కల్పన గానిది, పరదేశముది గానిది యొకటి మన యడవులకు తూర్పువైపుననే జరిగినది. దానిని సినిమా వలననే యెఱిగినవారు మనలో పెక్కుమంది యున్నారు. 1974లో వచ్చిన ఆ చిత్రము మంచిదే గాని, చిత్రమునకు కావలసినవి వేఱు, చరిత్రమునకు కావలసినవి వేఱు. కనుక ఆయన జీవితమును తేదీల ననుసరించి ఇచట వ్రాయ సంకల్పించితిమి.

ఖమ్మము వైపునుండి వచ్చి భద్రాచలము దాటినయెడల గోదావరి కావలి గట్టున ఎటపాక, కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు మండలములు వరుసగా నుండును. 2014లో ఇవి ఖమ్మము జిల్లానుండి విడివడి ఆంధ్రప్రదేశములో చేరెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన సీతారామరాజు పేర క్రొత్త జిల్లా యేర్పడినపుడు ఈ నాలుగును అందు చేర్చబడినవి. అట్లు ఆయన పేరు రామదాసు గుడి కట్టించిన ఊరి పొలిమేర దాక వచ్చినది. ఇది కేవలము కాగితము మీది కలయిక కాదు. మన భద్రాచలపు అడవికిని, రాజు తిరిగిన గూడెము అడవికిని పూర్వము నుండి ఒకే దుఃఖము, ఒకే కోపము ఉండెను.

1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను మధ్యపరగణాలనుండి తీసి గోదావరి జిల్లాలో కలిపిరి. కలిపిన తరువాత పోడు పన్ను పెరిగెను. అదే కాలమున తూర్పున రంప సీమలో మన్సబుదారుని వసూళ్లును, ఇంటి వాడుకకు గీచుకొను కల్లు మీది పన్నును జనులను వేధించుచుండెను. 1879 మార్చిలో రంపలో ఫితూరీ లేచెను. కొద్ది నెలలలోనే అది రేకపల్లికి ప్రాకెను. దానిని అణచుటకు ప్రభుత్వమునకు ఏడాదికి మించి పట్టినది. అటుపిమ్మట 1882 నాటి మద్రాసు అడవి చట్టము వచ్చి, కొండవాలున చెట్లు నఱికి కాల్చి చోళ్లు, సామలు చల్లుకొను పోడును నేరముగా నెంచెను. తాతల నాటి సేద్యము మనుమల నాటికి దొంగతన మయ్యెను. ఈ సంగతి తెలియక సీతారామరాజు కథ చదువువారికి, మైదానమునుండి వచ్చిన యొక క్షత్రియ యువకుని మాట కొండజనులు ఏల వినిరో బోధపడదు.

రాజు 1897 జూలై 4వ తేదీన విశాఖపట్టణము జిల్లాలోని పాండ్రంగిలో, మాతామహుని యింట జన్మించెను. వంశపు ఊరు భీమవరము దగ్గఱి మోగల్లు. తండ్రి వెంకటరామరాజు ఛాయాచిత్రములు తీయు వృత్తిలో నుండెను. తల్లి సూర్యనారాయణమ్మ. పెద్దలు పెట్టిన పేరు శ్రీరామరాజు. 1908లో తండ్రి రాజమహేంద్రవరమున మరణించెను. అప్పటికి బాలునికి పదునొకండేండ్లయినను నిండలేదు. పిమ్మట రెవెన్యూ ఉద్యోగియైన పినతండ్రి రామకృష్ణరాజు ఆదరణలో ఆ కుటుంబము కాలము గడపెను.

తండ్రి పోయిన పిల్లవాడు ఊరూరు తిరిగి చదివెను. కాకినాడలో కొంతకాలము, నరసాపురము టేలరు హైస్కూలులో కొంతకాలము, విశాఖపట్టణములో కొంతకాలము. కాకినాడలో సహాధ్యాయిగా దొరకిన మద్దూరి అన్నపూర్ణయ్య తరువాత పేరుగన్న దేశభక్తుడు. రాజు చదువు పూర్తి కాలేదు. ఉపాధ్యాయులమైన మేము ఈ విషయమును దాచి చెప్పనవసరము లేదు. ఒక బడిలో కుదురుకొనని బాలుడు మందబుద్ధి యని తలచుట మాలో కొందఱికి గల దురభ్యాసము. ఈ బాలుడు తరగతి పుస్తకములు విడిచెనే గాని, సంస్కృతము, జ్యోతిషము, మూలికావైద్యము, గుఱ్ఱపుస్వారి పట్టుదలతో నేర్చెను.

1916లో ఆయన ఉత్తరదేశయాత్రకు బయలుదేరి కాశీ, హరిద్వారము, బదరీనాథము మొదలగు క్షేత్రములు చూచి తిరిగి వచ్చెను. 1917లో తాండవ నది యొడ్డున గల కృష్ణదేవిపేట చేరి, సన్న్యాసివలె జీవింపసాగెను. మన్యపు ముఖద్వారమువంటి ఊరది. సంతకు దిగివచ్చు కొండవారికి మందు లిచ్చుట, ముహూర్తములు చెప్పుట, తగవులు తీర్చుట ఆయన పనులయ్యెను. 1921లో సహాయనిరాకరణోద్యమము దేశమంతట వ్యాపింపగా, ఆయనయు త్రాగుడు మానుడనియు, కోర్టులకు పోక పంచాయతీలలో తగవులు తీర్చుకొనుడనియు కొండగ్రామములలో బోధించెను. త్రాగుబోతు గ్రామములు త్రాగుట మానినవి. అబ్కారీ రాబడి తగ్గినచోట పోలీసుల కన్ను పడుట సహజము.

1922 మొదట ఆయనను నర్సీపట్టణమునకు పిలిపించి విచారించి, కదలికలను కనిపెట్టుచుండిరి. పోలవరమున డిప్యూటీ కలెక్టరుగా నుండిన ఫజులుల్లాఖాన్ ఆయనయందు ఆదరము గలవాడు. పైడిపుట్ట యను చోట సేద్యమునకు భూమి ఇప్పించి అచట నుండుమనెను. ప్రభుత్వోద్యోగియే యైనను ఈ ఖానుగారు మనిషిని మనిషిగా చూచినవాడని మా తలంపు. పైడిపుట్టలో నాగలి పట్టినను రాజు మనస్సు అచట నిలువలేదు. నేపాళ యాత్రకు పోయెదనని అనుమతి పొంది, ఆ నిఘానుండి బయటపడి కృష్ణదేవిపేటకు వచ్చిచేరెను. తప్పించుకొనుట యన గోడ దూకుటయే కాదు. ఈయన మొదటి పలాయనము మర్యాదగా సెలవు పుచ్చుకొని జరిగినది.

అప్పటికి గూడెము కొండలలో మంట రాజుకొనియే యున్నది. డిప్యూటీ తహసీల్దారు బాస్టియను నర్సీపట్టణమునుండి చింతపల్లి వైపునకు కనుమ దారి వేయించుచుండెను. కూలి సరిగా ఈయక, పని మాత్రము కొరడాతో చేయించెడివాడని జనుల మొఱ. బట్టిపనుకులలో గాము గంటందొర తన పదవియు భూమియు పోగొట్టుకొని యుండెను. ఆయనయు, తమ్ముడు మల్లుదొరయు రాజుతో చేరిరి. వేగిరాజు సత్యనారాయణరాజు కూడ చేరెను. అగ్గిరాజను పేర మన్యములో ఈయనయే ప్రసిద్ధుడు.

1922 ఆగస్టు 22వ తేదీన సుమారు 300 మంది చింతపల్లి పోలీసు ఠాణాపై పడిరి. మఱునాడు కృష్ణదేవిపేట, 24వ తేదీన రాజవొమ్మంగి. మూడు దినములలో మూడు ఠాణాలు! మొత్తము 26 తుపాకులును, రెండు వేలకు పైబడిన తూటాలును వారి చేత చిక్కెను. ఠాణా పుస్తకములో తాము తీసికొన్న వస్తువుల పట్టికను రాజు స్వహస్తముతో వ్రాసి సంతకము చేసి పోయెను. లెక్క వ్రాసి దోచుకొన్నవారిని చరిత్రలో అరుదుగా చూతుము. రాజవొమ్మంగిలో బంధింపబడియున్న మొట్టడము వీరయ్యదొరను విడిపించిరి. ఆయన అంతకుముందటి ఫితూరీలోని నాయకుడు.

అప్పటినుండి 1924 మే వఱకు, ఇరువది నెలలు, రాజు వేటాడబడు మనిషి. పాఠకులు ఈ ఇరువది నెలలను ఒక్కొక్క యుద్ధముగా కాక, ఒక్కొక్క దినముగా భావించి చూడవలెను. రాత్రి ఎచట పండుకొనవలెను? నూఱు మందికి బియ్యమెచట? వాన కురిసినపుడు మందుగుండు తడియకుండ ఎట్లు? గాయపడినవానిని మోయువారెవరు? ఈ ప్రశ్నలకన్నింటికి జవాబు ఒక్కటే: గ్రామములు. కొండవారి అంబలియే ఆ సైన్యమునకు ఆహారము. కోడె కాచు పిల్లవాడే వేగు. ఏ యేరు ఏ నెలలో దాటవచ్చునో, ఏ కాలిబాట ఏ శిఖరమున తేలునో మన్యపువారికి పుట్టుకతో వచ్చిన విద్య. పోలీసులకు అది లేదు. మలబారునుండి తెచ్చిన ప్రత్యేక పోలీసులు వీరులే గాని, మన్యపు చలిజ్వరము తుపాకికి భయపడదు గదా.

సెప్టెంబరు 24వ తేదీన దామనపల్లి కనుమలో జరిగినది దీనికి నిదర్శనము. పోలీసు దళము ఇరుకుదారిని వచ్చుచుండగా రాజు మనుష్యులు పైన పొదలలో మాటువేసిరి. ముందు నడచిన భారతీయులగు సిపాయిలను కాల్చక పోనిచ్చిరి. వెనుక వచ్చిన ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డు, హైటరు అను నిరువురను కాల్చిరి. ఇరువురును అచటనే మరణించిరి. స్వదేశీయుల మీద చేయి చేసికొనగూడదని రాజు పెట్టుకొన్న నియమము ఆనాడు కనబడినది. దానిని పొగడువారు పెక్కుమంది గలరు. మేమును గౌరవింతుము. అయినను సముద్రము దాటి వచ్చి మన కనుమలో పడిపోయిన ఆ ఇరువురును తల్లుల బిడ్డలేయని కూడ తలచకుండలేము.

అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరము ఠాణాలపైకి పోయిరి. వచ్చుచున్నామని ముందే వార్త పంపుట రాజు పద్ధతి. మిరపకాయను బాణమునకు కట్టి పంపెడివాడని జనశ్రుతి. ఇట్లు ముందు చెప్పుటవలన అడ్డతీగలలో ఆయుధములను వేఱుచోటికి చేర్చిరి, చేతికి ఏమియు దొరకలేదు. యుద్ధనీతిగా ఇది లోపమే. కాని గ్రామగ్రామమున ఆయన పేరు మంత్రమువలె ప్రాకుటకు ఇదియే కారణము. గుండ్లు ఆయనను తాకవని కొండవారు నమ్మిరి. డిసెంబరు 6వ తేదీన పెద్దగడ్డపాలెము వరిచేలలో ఆ నమ్మకమునకు దెబ్బ తగిలెను. గుండ్లు ఆయనను తాకలేదు గాని, ఆయన మనుష్యులు పలువురు చనిపోయిరి. విలుకాండ్రు బహిరంగ ప్రదేశమున యంత్రపు తుపాకుల ఎదుట నిలువలేరని ఆనాడు తేలినది.

ఆ పిమ్మట నాలుగు నెలలు రాజు జాడ లేదు. చనిపోయెనని కొందఱు, దేశము విడిచెనని కొందఱు. 1923 ఏప్రిల్ 17వ తేదీన ఆయన అకస్మాత్తుగా అన్నవరమున ప్రత్యక్షమయ్యెను! అడవిలో కాదు, మద్రాసు నుండి కలకత్తా పోవు రైలుమార్గమున గల ఊరిలో. కొండమీది సత్యనారాయణస్వామి గుడికెక్కి దర్శనము చేసికొని, ఠాణాకు పోయి, ఊరివారితో మాటలాడి, వచ్చిన దారినే పోయెను. జనులు పండుగవలె ఎదురేగిరి. దాగియుండు మనిషికి దాగుటకంటె కష్టమైనది తాను బ్రదికియున్నానని తనవారికి తెలుపుట. ఆ పనికై ఆయన ప్రాణము నొడ్డెను. తెలివియో, సాహసమో విద్యార్థులే వాదించుకొందురు గాక. ప్రభుత్వము మాత్రము దానిని మఱవలేదు.

ఇచటనుండి కథ రాజుది కాదు, ఆయనకు అన్నము పెట్టినవారిది. ఫితూరీదారులకు సాయపడిన గ్రామములపై శిక్షాపన్ను వేసి, అదనపు పోలీసుల ఖర్చును ఆ పేదలనుండియే రాబట్టిరి. ముఠాదారులు ఒకవైపు పోలీసుల అనుమానమునకు, ఒకవైపు ఫితూరీదారుల ఆశలకు నడుమ నలిగిరి. పగలు వచ్చి ప్రశ్నించువారు ఒకరు, రాత్రి వచ్చి బియ్యమడుగువారు ఇంకొకరు. గుమ్మములో నిలిచిన గృహిణి ఏమి చెప్పవలెను? రాజు తలకు ప్రభుత్వము 10,000 రూపాయల బహుమానము ప్రకటించెను. పోడుకొట్టి బ్రదుకు కుటుంబము అంత సొమ్ము కలలోనైన చూచియుండదు.

ఇంగ్లండు చరిత్రము చదువు పై తరగతివారికి ఇచట ఒక పోలిక తోచును. 1746లో కలోడెను యుద్ధమున ఓడిన ఛార్లెసు ఎడ్వర్డు రాకుమారుడు స్కాట్లండు కొండలలో అయిదు నెలలు దాగి తిరిగెను. తలకు 30,000 పౌనుల బహుమానముండినను, నిరుపేదలైన కొండవారు ఆయనను అప్పగింపలేదు. ఆయన ఓడ యెక్కి ఫ్రాన్సు చేరెను. మన మన్యపువారు ఆ కొండవారికంటె నాలుగింతల కాలము ఓర్చిరి. కాని మన రాజునకు ఓడ లేదు, ఆశ్రయమిచ్చు పరరాజ్యము లేదు. మైదానములోని నాయకులనుండియు సాయము రాలేదు. చౌరీచౌరా దుర్ఘటన తరువాత 1922 ఫిబ్రవరిలో గాంధీగారు సహాయనిరాకరణమును నిలిపియుండిరి. ఆయుధము పట్టినవానితో చేయి కలుపుటకు కాంగ్రెసువారు వెనుదీసిరి. ఆయన ఒంటరి.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడెను. అస్సాము రైఫిల్సు దళములను రప్పించిరి. కొండయుద్ధములో ఆఱితేఱినవారు వీరు. 1924 ఏప్రిలులో రూథర్‌ఫర్డు ప్రత్యేక కమీషనరుగా వచ్చి వలను నలుప్రక్కల బిగించెను. మే 6వ తేదీన జరిగిన పోరులో అగ్గిరాజు గాయపడి చిక్కెను.

మఱునాడు, 1924 మే 7వ తేదీ ఉదయమున, మంప గ్రామము దగ్గఱ కొలనులో స్నానము చేయుచుండగా రాజు పట్టుబడెను. గ్రామములు తనకొఱకు పడుచున్న బాధ చూడజాలక తానై పట్టువడెనని చెప్పుకొనువారును గలరు. పట్టినవారు ఆయనను కొయ్యూరులో విడిది చేసియుండిన మేజరు గూడాలు వద్దకు తీసికొనిపోయిరి. అచట ఆయన కాల్చబడెను. వయస్సు ఇరువదియాఱేండ్లు.

ఖైదీ పారిపోవ యత్నింపగా కాల్చవలసి వచ్చెనని ప్రభుత్వము ప్రకటించెను. చెట్టునకు కట్టి కాల్చిరని మన్యము చెప్పెను, నేటికిని చెప్పుచున్నది. ఇరువది నెలలు వందల తుపాకులను తప్పించుకొన్న మనిషి, కాపలావారి నడుమ, విడిదిలో, పగటివేళ పారిపోజూచెననుట మా బుద్ధికి నమ్మదగినదిగా తోచదు. ఒకవేళ నమ్మినను చిక్కు తీరదు. ఆయనపై ఆరోపింపబడిన నేరములు చిన్నవి కావు. ఇరువురు అధికారులు చనిపోయియుండిరి, ఠాణాలు దోచబడియుండెను. అట్టివానిని న్యాయస్థానమున నిలువబెట్టి, సాక్షులను పిలిచి, చెప్పుకొనుమని అడుగుటకే గదా ఆ ప్రభుత్వము చట్టములను వ్రాసికొన్నది. పోడుకొట్టిన కోయవానికి వర్తించిన చట్టము మేజరు గూడాలు విడిదిలో వర్తింపలేదు. ఆయన అనుచరులకు విచారణ జరిగినది. నాయకునికి మాత్రము లేదు.

శవమును కృష్ణదేవిపేటకు తెచ్చి, ఛాయాచిత్రము తీసి, తాండవ యొడ్డున దహనము చేసిరి. ఛాయాచిత్రకారుని కుమారునకు కడపటి చిత్రము అట్లు తీయబడెను. చిత్రమున్నను జనులు నమ్మలేదు. రాజు తప్పించుకొనెననియు, చనిపోయినవాడు వేఱొకడనియు చాలకాలము వాడుక యుండెను. తామే సీతారామరాజులమని చెప్పుకొన్నవారును బయలుదేరిరి. 1929లో గాంధీగారు ఆంధ్రదేశమున తిరిగినపుడు రాజు చిత్రపటము చూచి, ఆయుధమార్గమును తాము ఒప్పకపోయినను ఆ యువకుని ధైర్యమును, త్యాగమును మెచ్చుచు తమ పత్రికలో వ్రాసిరి. 1986లో భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్ల వెలువరించెను. 2022 జూలై 4న భీమవరములో 30 అడుగుల కంచు విగ్రహము ప్రతిష్ఠింపబడినది.

రాజు పోయిన నెలకు, 1924 జూనులో, గాము గంటందొర కూడ పోలీసుల కాల్పులలో మరణించెను. ఆయన సమాధియు కృష్ణదేవిపేటలో రాజు సమాధి చెంతనే యున్నది. అగ్గిరాజును అండమానుకు పంపిరి. గంటందొర తమ్ముడు మల్లుదొరకును ద్వీపాంతరవాసమే విధింపబడెను. ఆయన మాత్రము బ్రదికి తిరిగి వచ్చెను. 1951-52లో స్వతంత్ర భారతమున మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినపుడు, ఆ మల్లుదొరయే విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నుకొనబడి, గూడెము కొండలనుండి ఢిల్లీకి పోయి కూర్చుండెను.